లాడ్నూ యాత్ర: గోడ మీద అణువ్రతం, చేతిలో 3,150 బిల్లు

రాజస్థాన్‌లో లాడ్నూ వెళ్ళాలనుకునేవాళ్ళకు ముందుగా ఒక మాట. అక్కడి జైన సంస్థ జైన విశ్వభారతి అతిథి గృహంలో గది ఖాయమైతేనే టికెట్లు కొనండి. గది లేదంటే తేదీలైనా మార్చుకోండి గానీ, ఒక్క రాత్రే కదా అని ప్రైవేటు లాడ్జిలో మాత్రం దిగొద్దు. మేం దిగాం. 1,400కి మాట్లాడుకున్న గదికి 3,150 కట్టి బయటపడ్డాం.

అంత దూరం ఎందుకు వెళ్ళామంటే, ఆచార్య తులసి పుట్టిన ఊరు అది. శ్వేతాంబర జైనుల్లో తేరాపంథ్ అనే శాఖకు ఆయన తొమ్మిదో ఆచార్యుడు. మా ఆవిడ కొన్నేళ్ళుగా తేరాపంథ్ వాళ్ళ ధ్యానపద్ధతి ప్రేక్షాధ్యానం చేస్తోంది. మోకాళ్ళ నొప్పులని ఎవరో చెబితే సికింద్రాబాద్‌లో ఒక శిబిరానికి వెళ్ళింది. నొప్పులు తగ్గలేదు కానీ ధ్యానం పట్టుబడింది. 2020లో ప్రస్తుత ఆచార్యులు మహాశ్రమణ్ చాతుర్మాస్యం హైదరాబాద్‌లోనే గడిపినా, కరోనా వల్ల గడప దాటలేకపోయామని ఆవిడకు ఇప్పటికీ బెంగ. నా ఆసక్తి వేరు. బ్యాంకులో అప్పులిచ్చే సీట్లో పనిచేసి రిటైరైన మనిషిని. 1949లో ఈ తులసి అనే సన్యాసి అణువ్రతమని పేరు పెట్టి, వ్యాపారులను కూర్చోబెట్టి కల్తీ చేయం, తూకంలో మోసం చేయం అని ఒట్టు పెట్టించాడంటే, ఆ ఒట్టు ఇప్పుడు ఏ గతిలో ఉందో చూడాలనిపించింది. మూడోవాడు మా బావమరిది. కృష్ణజింకల ఫోటోల కోసమే వస్తున్నానని ముందే చెప్పేశాడు.

శంషాబాద్ నుంచి జైపూర్‌కు విమానం ముగ్గురికీ కలిపి 17,640. జైపూర్ నుంచి కారు 5,200, టోల్ విడిగా. దారి బాగుంది. మధ్యలో ధాబా పరాఠాలు కూడా బాగున్నాయి.

మేం వెళ్ళిన రోజున విశ్వభారతిలో ఏదో సమ్మేళనం ఉంది, గదులు నిండిపోయాయి. మర్నాడు పొద్దున రమ్మన్నారు. డ్రైవర్ తనకు తెలిసిన లాడ్జి ఉందన్నాడు. కారులోంచే ఫోన్ చేసి మాట్లాడాం. ముగ్గురికి ఒక గది, 1,400, అన్నీ అందులోనే అన్నాడు అవతలి మనిషి. "అన్నీ" అన్న మాట మా బావమరిది స్పీకర్‌లో పెట్టి రెండుసార్లు అనిపించాడు.

డిసెంబరు చలి. అటువైపు ఇసుక నేల పగలు ఎంత హాయిగా ఉంటుందో రాత్రి అంత కోస్తుంది. గదిలో రెండు మంచాలు, వాటి మీద పల్చటి దుప్పట్లు. రజాయి అడిగితే తెచ్చి ఇచ్చాడు కుర్రాడు, నవ్వుతూ. మూడో మంచం వేశాడు, నవ్వుతూ. రూమ్ హీటర్ పెట్టాడు. గీజర్ పనిచేయడం లేదని వేడినీళ్ళు బకెట్లతో మోశాడు. ఎంత మర్యాద అనుకుంది మా ఆవిడ, అతనికి యాభై రూపాయలు కూడా ఇచ్చింది. నీళ్ళు ఉప్పుకషాయం, సబ్బు నురగ రాదు. కర్టెన్ కదిపితే దుమ్ము. తలుపు గడియ పడదు, దానికి కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకున్నాం.

పొద్దున బిల్లు వచ్చింది. గది 1,400. మూడో మంచం 400. రజాయిలు మూడు, ఒక్కోటి 150 చొప్పున 450. హీటర్ 500. వేడినీళ్ళు ఐదు బకెట్లు, 250. సర్వీసు 150. కూడితే సరిగ్గా 3,150, కూడికలో మోసం లేదు, అది ఒప్పుకోవాలి.

నేను హిందీలో వాదించగలిగినంత వాదించాను. మా ఆవిడ తెలుగులో తిట్టింది. బావమరిది మాత్రం యజమాని తల వెనక గోడకేసి చూస్తున్నాడు. "బావా, అది చూడు" అన్నాడు. రంగు వెలిసిన రేకు బోర్డు. అణువ్రత ఆచారసంహిత, పదకొండు నియమాలు. వాడు వేలు పెట్టి ఆరోది గట్టిగా చదివాడు, బడిపిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు: వ్యాపారంలోనూ వ్యవహారంలోనూ నిజాయితీగా ఉంటాను, నా లాభం కోసం ఇతరులకు నష్టం కలిగించను, మోసంతో వ్యవహరించను.

ఆ మనిషికి కోపం రాలేదు. బోర్డు వైపు తిరిగి కూడా చూడలేదు. "అది మా నాన్నగారు పెట్టించింది సాబ్. ఆయన ఆచార్యశ్రీ ముందు నిలబడి ఒట్టేశాడు. నేను వేయలేదు" అన్నాడు. తర్వాత మూడు టీలు తెప్పించాడు. టీకి డబ్బు తీసుకోలేదు.

వ్రతం చేయనివాడిని వ్రతభంగం చేశావని ఎలా నిలదీస్తాం? డబ్బు కట్టేశాం. కారులో మా ఆవిడ గంటసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఈ ఆరో నియమం వెనక ఉన్న కథ చెబుతాను. అణువ్రత ఉద్యమాన్ని ఆచార్య తులసి 1949 మార్చిలో సర్దార్‌షహర్‌లో మొదలుపెట్టారు. స్వాతంత్ర్యం వచ్చి రెండేళ్ళు కాలేదు. రేషన్, నల్లబజారు, కల్తీల రోజులు. జైనుల్లో సాధువులకు మహావ్రతాలు, గృహస్థులకు అణువ్రతాలు అని పాత విభజన ఉంది. అణువు అంటే చిన్నది, ఎవరైనా మోయగలిగినంత. తులసి ఆ చిన్న వ్రతాలను జైన గడప దాటించారు. ఒట్టు పెట్టుకోవడానికి జైనుడివి కానక్కర్లేదు, నీ దేవుడిని వదలక్కర్లేదు, కులం ఏదైనా సరే అన్నారు. మరుసటి ఏడాది ఢిల్లీలో వందల మంది వ్యాపారులు బహిరంగంగా ప్రతిజ్ఞ చేస్తే, 1950 మేలో అమెరికా టైమ్ పత్రిక కూడా దాని మీద రాసింది. మన పోచంపల్లిలో వినోబా భూమి అడిగింది 1951లో. ఈయన అంతకు ముందే ఊరూరా నడుస్తూ జనాన్ని అడిగింది మాత్రం భూమి కాదు, తూకంరాళ్ళలో నిజాయితీ. ఏది ఇవ్వడం కష్టమో షాపు నడిపినవాళ్ళు చెప్పాలి.

విశ్వభారతి గేటు దాటగానే మా ఆవిడ ముఖం విచ్చుకుంది. వేపచెట్లు, నెమళ్ళు, ఇసుకలో ఊడ్చిన దారులు. హారన్ మోత లేదు. 1970లో పెట్టిన సంస్థ ఇది. 1991 నుంచి ఇక్కడ డీమ్డ్ విశ్వవిద్యాలయం కూడా నడుస్తోంది. గది చాలా మామూలుది, కానీ శుభ్రం. రజాయి మంచం మీదే మడతపెట్టి ఉంది. నేను దాన్ని ముట్టుకునే ముందు దీనికి విడిగా ఎంత అని అడిగాను. కౌంటర్‌లో అబ్బాయికి నా ప్రశ్న అర్థం కాలేదు. వచ్చేటప్పుడు మేం 2,100 విరాళం రాయించాం.

భోజనం గురించి కొంచెం ఎక్కువే రాస్తాను. ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు, సూర్యాస్తమయం లోపు రాత్రి భోజనం అయిపోవాలి. సాయంత్రం ఐదున్నరకు తిండేమిటని బావమరిది గొణిగాడు. మా ఆవిడ సంచిలో ఆవకాయ సీసా ఉంది. మూత తీయబోతుంటే వడ్డించే పెద్దాయన వచ్చి వాసన పట్టి, చేతులు జోడించి, ఇందులో వెల్లుల్లి ఉందా అని అడిగాడు. ఉందనగానే మా గదిలో తినమని బతిమాలాడు. ఆవిడ చిన్నబుచ్చుకుని సీసా లోపల పెట్టేసింది. తర్వాత కేర్ సాంగ్రీ వడ్డించారు. ఎడారి చెట్ల కాయలు అవి, ఎండబెట్టి, నానబెట్టి, మామిడి ఒరుగుతో వండుతారు. మన గోంగూరకు దూరపు చుట్టంలా పులుపు. సజ్జరొట్టె మీద నెయ్యి, బెల్లంముక్క. పల్చటి మజ్జిగ కఢీ. శనగపిండి గట్టె కూర. ఆవిడ రెండోసారి వేయించుకుంది, మూడోసారి కూడా. ఆవకాయ సీసా బీకానేర్ దాకా మూత తెరవకుండానే వచ్చింది. ఐదున్నర భోజనం మీద గొణిగినవాడే మర్నాడు ఐదింటికి వెళ్ళి కూర్చున్నాడు.

సమణీలతో, అంటే ప్రయాణాలకు వీలున్న జైన సన్యాసినులతో, మాట్లాడే అవకాశం ఇక్కడ తేలిగ్గా దొరుకుతుంది. జైన సాధుసాధ్వులు వాహనం ఎక్కరు, డబ్బు ముట్టరు, విదేశాలకు పోలేరు. మరి బయట ప్రపంచానికి ఈ విద్య ఎలా చేరాలి? 1980లో తులసి సమణ శ్రేణి అని కొత్త మెట్టు కట్టారు. దీక్ష సన్యాసదీక్షే, కానీ రైలు, విమానం ఎక్కవచ్చు. సంప్రదాయవాదులు ఊరుకోలేదు, అయినా ఆయన వెనక్కి తగ్గలేదు. ఇప్పుడు ఈ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేవారిలో, విదేశాల్లో ధ్యానం నేర్పేవారిలో వాళ్ళున్నారు. మాతో మాట్లాడిన సమణీజీ చక్కటి ఇంగ్లీషులో ప్రాకృత వ్యాకరణం గురించి చెప్పారు. మా లాడ్జి కథ కూడా విన్నారు. "ఎంత తీసుకున్నారు?" అని అడిగారు. చెప్పాను. ఓ క్షణం ఆగి, "టీ ఇచ్చారా?" అన్నారు. మా ఆవిడ ఆ పొద్దున తర్వాత మొదటిసారి నవ్వింది.

ఆవిడకు మరో సంగతి నచ్చింది. 1960లో తులసి నయా మోడ్, అంటే కొత్త మలుపు, అని ఒక పిలుపు ఇచ్చారు. ముసుగు తీసేయండి, భర్త పోయిన స్త్రీని నల్లబట్టల్లో మూలన కూర్చోబెట్టకండి, చావు విందులు ఆపండి, పెళ్ళిళ్ళలో ఆర్భాటం తగ్గించండి. మార్వాడీ ఇళ్ళలో ఆ రోజుల్లో ఇది మామూలు మాట కాదు. ఒక సన్యాసి స్త్రీల ముసుగు గురించి మాట్లాడటమేమిటని సొంత భక్తులే నొచ్చుకున్నారు. సాధ్వుల చదువు సంగతీ అంతే. ఆయన పట్టుబట్టి సంస్కృతం, ప్రాకృతం, తర్కం చదివించారు.

ఇక్కడే ఆవిడకు నాకు వాదన కూడా వచ్చింది. తులసి దీక్ష తీసుకున్నది 1925 డిసెంబరులో, పదకొండేళ్ళకు. అక్క లాడాంజీ కూడా అదే రోజున. అన్న మోహన్‌లాల్ ఒప్పుకోకపోతే, పిల్లవాడు నిండు సభలో లేచి పెళ్ళి చేసుకోను, వ్యాపారానికి పోను అని అప్పటి ఆచార్యుడు కాలూగణి ఎదుట ఒట్టేశాడని చెబుతారు. దీక్షకు ముందు రాత్రి అన్న పరీక్ష పెట్టాడట. ఆకలేస్తే పనికొస్తుంది, ఎవరికీ చెప్పకు, దాచుకో అని వంద రూపాయల నోటు చేతిలో పెట్టబోయాడు. సాధువు డబ్బు ఉంచుకోకూడదని పిల్లవాడు తోసేశాడు. కథ చక్కగా ఉంది. కానీ పదకొండేళ్ళవాడికి జన్మకు సరిపడా నిర్ణయం చేసే హక్కు ఎక్కడిదని మా ఆవిడ ప్రశ్న. అదే మాట అప్పట్లోనూ చాలామంది అన్నారు, బాలదీక్షల మీద తులసి కాలంలో గట్టి వ్యతిరేకతే వచ్చింది. నాకైతే ఆవిడ మాటే సబబు. కాకపోతే అదే పిల్లవాడు 22వ ఏట, 1936లో గంగాపూర్‌లో కాలూగణి పోయాక, తనకంటే పెద్దవాళ్ళున్న సంఘానికి ఆచార్యుడై దాదాపు అరవై ఏళ్ళు నడిచాడన్నది కూడా నిజం.

నడిచాడన్నది ఉత్త మాట కాదు. కోల్‌కతా నుంచి కన్యాకుమారి దాకా కాలినడకే. 1968 చాతుర్మాస్యం చెన్నైలో, 1969 బెంగళూరులో, 1970 రాయపూర్‌లో. ఆ రాయపూర్‌లోనే పెద్ద గొడవ. సీత అగ్నిపరీక్ష మీద ఆయన రాసిన హిందీ కావ్యం హిందువులను అవమానించిందని జనం వీధుల్లోకి వచ్చారు. నైతికత బోధించడానికి వెళ్ళిన మనిషి గట్టి పోలీసు కాపలా మధ్య గడపాల్సి వచ్చింది.

గ్రంథాలయం చూడకుండా రావొద్దు. వర్ధమాన గ్రంథాగారమని పేరు, వేల తాళపత్ర, కాగితపు ప్రతులున్నాయి. 1955లో తులసి జైనుల మూలగ్రంథాలైన ఆగమాల పరిష్కరణ మొదలుపెట్టారు. ప్రతులన్నీ సరిపోల్చి, పాఠభేదాలు గుర్తించి, శుద్ధపాఠం తేల్చే పని. ముని నథ్‌మల్, అంటే తర్వాతి ఆచార్య మహాప్రజ్ఞ, దానికి ప్రధాన సంపాదకుడు. వాటిలోని పదకొండు అంగాలు అంగసుత్తాణి పేరుతో 1974లో మూడు సంపుటాలుగా వచ్చాయి. ఇదంతా రోజూ నడిచే మనుషులు, భుజాన ప్రతులు మోసుకుంటూ చేశారు. గ్రంథాలయంలో ఏసీ గదిలో కూర్చునే మన పండితులకు చెప్పండి. తేరాపంథీ సాధువుల సూక్ష్మలేఖనం కూడా చూడండి. పోస్టుకార్డంత కాగితంలో వేల అక్షరాలు, భూతద్దం లేకుండా రాసినవి. బావమరిది కెమెరా జూమ్ చేసినా అక్షరం పట్టలేకపోయాడు.

ఊళ్ళో దిగంబరుల బడా మందిర్‌కు కూడా వెళ్ళాం. తేరాపంథీలకు విగ్రహారాధన లేదు, కానీ ఈ ఊళ్ళోనే 12వ శతాబ్దపు పాలరాతి సరస్వతి ఉంది. ఆ సరస్వతి చేతివేళ్ళ కోసమే లాడ్నూ రావొచ్చు.

తర్వాత రోజు కారు రోజుకు 2,800 చొప్పున మాట్లాడుకున్నాం, ఎక్కువసేపు ఆపితే గంటకు 100 అదనం. తాల్ ఛాపర్‌లో జింకలు, బావమరిదికి పండగ. నాలుగైదు వందల ఫోటోలు తీశాడు, అన్నీ ఒకేలా ఉన్నాయి. ఆ ఛాపర్ కాలూగణి పుట్టిన ఊరని చెబితే, "అయితే మన ప్లాన్‌లో కరెక్టుగానే ఉన్నాం బావా" అన్నాడు.

పక్కనే సుజాన్‌గఢ్. చూడ్డానికి మామూలు బజారు ఊరు. 1994 ఫిబ్రవరిలో ఇక్కడే తులసి నిండు సభలో ఆచార్య పదవి వదిలేస్తున్నానని ప్రకటించి, మహాప్రజ్ఞకు అప్పగించారు. తేరాపంథ్‌లో ఇది విడ్డూరం. 1760లో తేరాపంథ్‌ను మొదలుపెట్టిన ఆచార్య భిక్షు కట్టడి ప్రకారం సంఘానికంతా ఒకే ఆచార్యుడు, చాతుర్మాస్యం ఎక్కడన్నది దగ్గర్నుంచి వారసుడెవరన్నది దాకా ఆయన మాటే. ఎవరూ బతికుండగా దిగలేదు. "మన దగ్గర సర్పంచి కూడా దిగడు" అంది మా ఆవిడ. టీ బాగాలేదు, పదిహేను రూపాయలు.

సర్దార్‌షహర్ దారిలో డ్రైవర్ పాట మొదలుపెట్టాడు. మహాప్రజ్ఞ సమాధి ఊరికి దూరమట, రోడ్డు బాగాలేదట, 300 అదనమట. ఈసారి నేను కారు దిగి, ఒప్పుకున్న రేటు కాగితం మీద రాయించి సంతకం పెట్టించాను. రోడ్డు తళతళలాడుతోంది. ప్రేక్షాధ్యానాన్ని 1975లో రూపొందించింది మహాప్రజ్ఞే, 2010 మేలో ఈ ఊళ్ళోనే పోయారు. మా ఆవిడ లోపల కూర్చున్న గంటన్నరకు డ్రైవర్ 200 వసూలు చేశాడు, అది న్యాయమే. ఊళ్ళో గోడలనిండా బొమ్మలున్న హవేలీలు చాలా ఉన్నాయి. చాలావాటికి తాళాలే. యజమానులు కోల్‌కతాలోనో సూరత్‌లోనో ఉంటారు. నాకు మండావా హవేలీలకంటే ఇవే నచ్చాయి, గైడ్లు లేరు కాబట్టి.

బీకానేర్‌లో హోటల్ 1,850, చెప్పింది అదే, తీసుకున్నది అదే. గంగాషహర్ బీకానేర్‌కు ఆనుకునే ఉంది, ఆటో 120. 1997 జూన్ 23న తులసి ఇక్కడే కన్నుమూశారు. సమాధిస్థలాన్ని నైతికతా కా శక్తిపీఠ్ అంటారు. విశాలంగా, శుభ్రంగా ఉంది. బూట్లు చూసుకునే మనిషి చిల్లర కూడా తీసుకోలేదు. సాయంత్రం పూట వెళ్ళండి, చుట్టుపక్కల పిల్లలు, ముసలివాళ్ళు వచ్చి కూర్చుంటారు. 

బీకానేర్‌లో భుజియా కొనేవాళ్ళు స్టేషన్ ఎదురుగా కాకుండా పాత బజారులో కొనండి. కిలోకు అరవై రూపాయల తేడా. మేం మొత్తం మీద ముగ్గురికి 52,300 ఖర్చు పెట్టాం, తిరుగు రైలుతో కలిపి. రెండు కుటుంబాలు కలిసి కారు తీసుకుంటే తగ్గుతుంది. లాడ్నూలో కనీసం రెండు రాత్రులు ఉంచుకోండి, సుజాన్‌గఢ్‌కు అరపూట చాలు. గదికోసం ముందుగా ఉత్తరమో మెయిలో పెట్టి జవాబు వచ్చాకే బయల్దేరండి. మా ఆవిడ వచ్చే ఏడాది అక్కడ ధ్యాన శిబిరానికి పేరు ఇస్తానంటోంది. ఆవకాయ వెల్లుల్లి లేకుండా పెట్టడం కుదురుతుందా అని ఇప్పటికే వాళ్ళ పిన్నికి ఫోన్ చేసి అడిగింది.